అటకమీది కట్టలు, అరచేతిలోని కుప్పలు

గోదావరి మండలమున ఒకప్పుడు కట్టిన పెంకుటిండ్లను పరికించినవారికి ఒక సంగతి తేటతెల్లముగా తెలియును: ఆ ఇండ్లలో సామాను సర్దుట అను ప్రత్యేకకార్యము దాదాపు లేదు, ఏలయన వస్తువునకు చోటు ఇల్లు కట్టునాడే ఏర్పడియుండెడిది. దీపమునకు గోడలో గూడు, ఉత్తరీయమునకు తలుపువెనుక చిలకకొయ్య, మడిబట్టకు దండెము, పెరుగునకు ఉట్టి, వడ్లకు గాదె, నగలకును దస్తావేజులకును భోషాణము, పోపుదినుసులకు అరల పెట్టె. ఏ వస్తువు ఎచ్చట నున్నదో చీకటిలో తడవి తీయగలిగిన గృహిణులు ప్రతి ఇంటను ఉండిరి. ఈ నియమమునకు లొంగనిది అటక ఒక్కటే. పనికివచ్చుననుటకు సాక్ష్యము లేనిదియు, పనికిరాదనుటకు ధైర్యము చాలనిదియు అగు ప్రతివస్తువును నిచ్చెన యెక్కి అటక చేరెడిది. చేరినది మరల దిగుట అరుదు.

అట్టి అటక గల ఇల్లొకటి రాజమహేంద్రవరమున మా వీథిలో అపార్టుమెంటు కట్టువారికి ఒప్పగింపబడబోవుచున్నది. ఇంటి యజమాని కాకినాడ కలెక్టరు కచేరిలో రికార్డుగదిని చిరకాలము కనిపెట్టియుండి ఉద్యోగవిరమణ చేసిన పెద్దమనిషి. ఇల్లు ఖాళీ చేయించుటకై హైదరాబాదునుండి వచ్చినది ఆయన మేనకోడలు, కంప్యూటరు ఇంజనీరు. ఇత్తడిసామాను తూచునపుడు పొరుగువాడొకడు సాక్షిగా నుండుట మంచిదని నన్ను పిలిచిరి. తూకము సాయంకాలమునకు గాని ఆరంభము కాలేదు. అంతవరకు జరిగిన వాదమును ఆ ఇరువురి పలుకులుగానే ఇచట పొందుపరచుచున్నాను. వ్రాయునపుడు భాష కొంత నా కలము పోకడకు లొంగినది గాని, అభిప్రాయములు మాత్రము వారివే.

మేనకోడలు: మామయ్యా, ఈ అటకమీది సామానుకంతటికిని ఒక్కటే సూత్రము పెట్టుకొందము. గడచిన ఏడాదిలో ఒక్కసారియైనను వాడని వస్తువు కొత్త ఇంటికి రాకూడదు. మీరు పోవు ఫ్లాటులో అటక లేదు. స్నానాలగది మీద లాఫ్టు అను చిన్న సజ్జ మాత్రమున్నది. అందు గీజరు పోగా మిగులునది రెండు పెట్టెల చోటు.

మామయ్య: ఏడాది యను కొలబద్దను ఎవరు నిర్ణయించిరమ్మా? బొమ్మలకొలువు పెట్టె సంక్రాంతికి దిగి, మూడునాళ్ళు మెట్లమీద మెరసి, తక్కిన ఏడంతయు పాతచీరల తునకలలో నిదురించును. ఆవకాయ కత్తిపీట వేసవిలో రెండు పూటలు పనిచేసి పదకొండు నెలలు మూలనుండును. ఇవి యెట్లో నీ పరీక్షలో గట్టెక్కును. కాని ఈ ఇంటిని ఒప్పగించుటకు బిల్డరు వకీలు అడిగిన లింకు దస్తావేజులు మీ తాతగారి కాలమునాటివి. వాటిని అర్ధశతాబ్దము ఎవ్వరును తాకలేదు. నీ సూత్రమును ఆయన పాటించియుండినచో, ఇల్లు మనదని చెప్పుటకు ఇల్లు తప్ప వేరు సాక్ష్యము మిగిలెడిది కాదు.

మేనకోడలు: దస్తావేజుల జోలికి నేను రాను. ఈ గుండిగ సంగతి చెప్పుడు. నూరుమందికి అన్నము వార్చు గుండిగ ఇది. నేడు ఏ పెండ్లికైనను వంటవారు తమ పాత్రలను తామే వ్యానులో వేసికొని వత్తురు. ఈ కిరసనాయిలు స్టవ్వుకు నూనె ఏ దుకాణమున దొరకును? ఈ రేడియో లైసెన్సు పుస్తకమును తనిఖీ చేయుటకు ఇప్పుడెవరు వత్తురు? తాళములు లేని తాళపుచెవులు ఒక డబ్బానిండ, మూతలు లేని డబ్బాలు ఒక గోనెనిండ నున్నవి.

మామయ్య: గుండిగ నిచ్చివేయుము. స్టవ్వును, చెవులును, డబ్బాలును ఇచ్చివేయుము. ఆ లైసెన్సు పుస్తకమును మాత్రము ఇటు తెమ్ము.

ఆయన ఇంత సులువుగా లొంగుట ఆమెకు ఆశ్చర్యమైనది; నాకు కాలేదు. లోహముపై మమకారము ఆయనకెన్నడును లేదు. ఆయన బలహీనత కాగితము.

మేనకోడలు: మన పూర్వులు ఈ విషయమున మనకంటె తెలివిగలవారు. ఏటికొకమారు భోగిమంట పేర ఇంటిలోని పాతనంతయు వీథికి తెచ్చి తగులబెట్టిరి. మనము మంటను నిలుపుకొని, పాతను ఇంటనే ఉంచుకొని, మంటకు కట్టెలు కొనితెచ్చుచున్నాము.

మామయ్య: భోగికి ఇచ్చినవి విరిగిన తట్ట, చినిగిన చాప, చెదలు తిన్న కొయ్య. వాటి ఆయువు తీరినదని అవియే ప్రకటించెను. మనము నిర్ణయింపవలసినది ఏమియు లేదు. కాగితము అట్లు ప్రకటింపదు. ఐదువందల రూపాయల రసీదును, ఐదెకరముల పట్టాయును చూపునకు ఒకే విధముగా పసుపువన్నెకు తిరుగును. వాటిలో ఏది ఎంతకాలము బ్రతుకవలెనో ఎవడో ఒకడు వ్రాసిపెట్టవలెను. మా కచేరిలో వ్యవహారము ముగిసిననాడే దస్త్రముపై ఆ గుర్తు పడెడిది. ‘ఆర్.డిస్.’ అనగా శాశ్వతముగా భద్రపరుపవలసినది, ‘డి.డిస్.’ అనగా పదియేండ్లు, ‘ఎల్.డిస్.’ అనగా ఒక్క ఏడు. పాత మద్రాసు రాజధాని నాటి పద్ధతి యది. దానిలోని వివేకమును గమనించితివా? కాగితము విలువ ఎవనికి బాగుగా తెలియునో, వానికి అది బాగుగా తెలిసిన క్షణముననే అడిగిరి. నీవు చేయుచున్నదేమి? ముప్పదియేండ్ల తరువాత, దుమ్ములో తుమ్ముచు, ఆ వ్యవహారమున ఏ పాత్రయు లేనిదానవు, ప్రతి కాగితమును పట్టుకొని ‘ఇది కావలెనా మామయ్యా?’ అని అడుగుచున్నావు. నేను కావలెననుచున్నాను. మరేమందును? భయమునకు తోచు జవాబు అదియొక్కటే.

మేనకోడలు: ఆ గుర్తు వేయు గుమాస్తాకు ప్రభుత్వము జీతమిచ్చినది. కరెంటు బిల్లు చెల్లించివచ్చి దానిపై ఆయుర్దాయము వ్రాసికొను గృహస్థు నెచ్చటనైన చూచితిరా? అందుచేతనే నేను ఇంటిలో దేనిని దాచుకొనను. కంప్యూటరులో దేనిని పారవేయను. రెంటికిని ఆలోచన అక్కరలేదు.

మామయ్య: అదిగో, నా అనుమానము నిజమైనది. నీ సంచి చూచినచో మునిపల్లెవలె శుభ్రము. నీ ఫోను తెరచినచో మన అటకయే నయము. మొన్న నా ఆధారుకార్డు ప్రతిని నీవు అందులో వెదకునపుడు నీ భుజముమీదుగా చూచితిని. ‘న్యూ ఫోల్డర్’, దానిలో ‘న్యూ ఫోల్డర్ రెండు’, దానిలో ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ ఇదే’.

మేనకోడలు: దొరికినదా, లేదా?

మామయ్య: దొరికినది.

మేనకోడలు: ఎంతసేపటికి?

మామయ్య: వెంటనే.

మేనకోడలు: ఇక ఆక్షేపణ దేనికి? మామయ్యా, అమరిక అనునది వెదకుట కష్టముగా నుండిన కాలపు ఉపాయము. బీరువాలో వస్తువు ఒక్కచోటనే ఉండగలదు గనుక, ఆ చోటును ముందుగా నిర్ణయించి గుర్తుంచుకొనవలసి వచ్చినది. యంత్రమున ఆ నిర్బంధము లేదు. 2004 ఏప్రిల్ 1వ తేదీన జీమెయిల్ వెలువడినపుడు ఒక్కొక్కరికి ఒక గిగాబైటు చోటునిచ్చి, ఉత్తరములను సర్దుకొనుట మాని వెదకికొనుడని చెప్పిరి. తేదీని చూచి హాస్యమనుకొన్నవారు పలువురు. నేడు నా ఫోనులో వేలకొలది ఫొటోలున్నవి. అమ్మ పేరును, తిరుపతి పేరును కలిపి అడిగినచో, ముఖమును స్థలమును గుర్తుపట్టి ఆ ఫొటోనే నా ముందుంచును. మీరు కుప్ప యని వెక్కిరించునది కుప్పయును కాదు, కాలక్రమమున పేర్చిన వరుస. జపానులో నొగుచి యుకియో అను ఆర్థికశాస్త్రవేత్త 1993లో ఒక పుస్తకము వ్రాసి, కాగితములను విషయములవారీగా విభజించుటయే వృథాశ్రమ యనెను. కాగితములను కవరులలో నుంచి అరలో వరుసగా నిలుపుడు. కొత్తది వచ్చినను, పాతది వాడినను, ఎడమకొననే పెట్టుడు. వాడనివి తమంతట తామే కుడికి జరిగిపోవును. ఇంతకుమించి నియమము లేదు. దీనికి గణితము కూడ తోడున్నది. స్లీటర్, టార్జన్ అను శాస్త్రజ్ఞులు 1985లో నిరూపించినదేమనగా, వాడినదానిని వాడినట్లు వరుస మొదటికి తెచ్చుచున్నంత మాత్రమున, రేపు ఏది కావలసివచ్చునో ముందే ఎరిగిన సర్వజ్ఞుడు పడు శ్రమకు స్థూలముగా రెండింతలకంటె ఎక్కువ మనము పడనక్కరలేదు. సర్వజ్ఞునితో పోల్చి రెండింతలు! మీ రికార్డుగదిలో అంత చవుకగా పని జరిగెడిదా?

ఈ మాటకు ఆయన కొంతసేపు మారుపలుకలేదు. లెక్కను తూచుకొనుచుండెనని నేననుకొంటిని. తరువాత తెలిసినది, తన రికార్డుగది వాకిలిలో నిలిచిన మనుష్యులను జ్ఞప్తికి తెచ్చుకొనుచుండెను.

మామయ్య: లెక్క తప్పని నేననను. కాని ఆ లెక్కలో ఒక ఊహ యున్నది: వెదకువానికి తాను వెదకునదేదో తెలియును, పైపెచ్చు వెదకువాడును దాచినవాడును ఒక్కడే. మా గదికి వచ్చినవారిలో సగముమందికి తమకు కావలసిన కాగితము పేరు తెలియదు. ‘మా తాతకు ఏదో పట్టా ఇచ్చినారట బాబూ’ అనువారే. ఏ సంవత్సరమో తెలియదు, సర్వే నంబరు తెలియదు, తాత ఇంటిపేరు సైతము కాగితములో ఏ రూపమున నున్నదో తెలియదు. అట్టివానిని తాలూకా యేది, గ్రామమేది, ఏ పనికి సంబంధించినది అని మెట్టు మెట్టుగా దింపుకొనిపోయినచో, తాను పేరుపెట్టి అడుగలేనిది వానికి కంటబడెడిది. వేటపాలెములో 1918లో స్థాపించిన సారస్వత నికేతనమునకు పాత పత్రికల కొరకు పరిశోధకులు నేటికిని పోవుచున్నారు. ఆ పత్రికలను కట్టలు కట్టినవారికి ఈ పరిశోధకులెవరో, ఏమి అడుగుదురో తెలియునా? తెలియనివాని ప్రశ్నకు ముందుగా వ్రాసిపెట్టిన జవాబే అమరిక. నీ యంత్రము తెలిసినవాని ప్రశ్నకు మాత్రమే పలుకును. కావలెనన్న ఇప్పుడే చూతము. మా పినతండ్రిగారు వంశచరిత్ర వ్రాసి డీటీపీ దుకాణమున కూర్పించిరి. ఆ ఫైలును సీడీనుండి నీ కంప్యూటరులోనికి నీవే ఎక్కించితివి. ‘కోటిపల్లి’ అని వెదకుము. ఆ పుస్తకమున పుటపుటకును కోటిపల్లి యున్నది.

ఆమె వెదకినది. కోటిపల్లి రేవు ఫొటో లొకటి రెండు వచ్చినవి, ఎవరిదో రైలుటిక్కెట్టు వచ్చినది, వంశచరిత్ర రాలేదు.

మేనకోడలు: ఇది న్యాయమైన దెబ్బ. ఆనాటి డీటీపీ తెలుగు, తెలుగు కాదు మామయ్యా. యూనికోడు తొలి కూర్పులోనే, 1991లో, తెలుగు అక్షరములకు అంకెలు కేటాయింపబడినను, అచ్చుపని చేయువారు ఆ తరువాత చాలకాలము పాత ఫాంటులనే వాడిరి. వాటిలో ‘క’ యని కనబడునది లోపల ఏ ఇంగ్లీషు అక్షరమో, ఏ గుర్తో. ఫాంటు ఉన్నంతవరకు కంటికి తెలుగు; యంత్రమునకు ఎల్లప్పుడును కలగాపులగము. మార్చు సాధనములున్నవి, మార్చి యిచ్చెదను. కాని ఒక్క ఫైలును చూపి—

మామయ్య: ఒక్కటి కాదు. నాయనగారి దస్తావేజును నేను ఫొటో తీసి నీకు వాట్సాప్‌లో పంపితిని. దాని పేరేమి?

మేనకోడలు: ‘ఐ.ఎం.జి.’, తేదీ, ‘డబ్ల్యు.ఏ. సున్న సున్న సున్న మూడు’.

మామయ్య: ఆ తేదీ దస్తావేజుదా?

మేనకోడలు: కాదు, నాకు చేరిన దినముది. వాట్సాప్ ఫొటోను కుదించి పంపును. ఎప్పుడు, ఎచ్చట తీసినదో తెలుపు సమాచారమును కూడ దులిపివేయును.

మామయ్య: దానికి ముందున్న ఫొటో యేమి?

మేనకోడలు: గులాబీపువ్వు. శుభోదయము.

మామయ్య: తరువాతిది?

మేనకోడలు: అదియును శుభోదయమే. మీరు పంపినదే.

(ఇచట నేనొకమాట చెప్పక తప్పదు. తెలుగువారి ఫోనులలోని చోటును నేడు మ్రింగుచున్నది దస్తావేజులును కావు, పిల్లల ఫొటోలును కావు. తెల్లవారుజామున లేచి పెద్దలు ఒకరికొకరు పంపుకొను ఆ పూవులును, సూక్తులును. ఆ విషయమున మామయ్యగారి పక్షమున వాదించుటకు నా వద్ద ఏమియు లేదు; నా ఫోనుకును ఆ పూవులు ఆయనయే పంపును.)

మామయ్య: పూవులను తీసివేయుము, నాకు అభ్యంతరము లేదు. తక్కినదానికి ఒక వర్గీకరణ కావలెను. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున రంగనాథన్‌గారు ఈ చిక్కునే విప్పిరి. ఒక గ్రంథము వైద్యమునకు చెందును, భారతదేశమునకు చెందును, ఒక శతాబ్దమునకు చెందును. దానిని ఏ బీరువాలో పెట్టవలెను? అమెరికాలో డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశపద్ధతి ప్రతి విషయమునకును ముందే తయారైన ఒక గది నిచ్చినది. రంగనాథన్‌గారు అట్లు గాక, లండనులో ఒక దుకాణమున పిల్లలు ముక్కలు కూర్చి బొమ్మలు చేయు మెకానో పెట్టెను చూచి, విషయమును కూడ ముక్కలుగా విడదీసి అవసరమునుబట్టి కూర్పవచ్చునని గ్రహించిరి. 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణ అట్లు పుట్టినది. ఆ పద్ధతిని ఇంటికి అన్వయించిన—

మేనకోడలు: అన్వయించినచో నా వాదమే నెగ్గును. దస్తావేజు భూమికి చెందును, తాతగారికి చెందును, ఒక సంవత్సరమునకు చెందును, బ్యాంకు అప్పునకు చెందును. మీ ఇనుపబీరువాలో దానికి అర యొక్కటే. నా యంత్రములో నాలుగు పేర్లను నాలుగు చీటీలవలె దానికి అంటించినచో, నాలుగు దారులనుండియు వచ్చి దానిని తీయవచ్చును. రంగనాథన్‌గారు నేడు ఉండియున్నచో బీరువాను మీకు వదలి నా వద్దకు వచ్చెడివారు.

మామయ్య: వచ్చి, చీటీ యంటించినావా యని అడిగెడివారు.

మేనకోడలు: అంటింపలేదు. కాని మీరంటించిన చీటీలను కూడ చూతము. ఇదిగో ఈ మూడు కట్టలు. మొదటిదానిపై ‘ముఖ్యమైనవి’. రెండవదానిపై ‘చాల ముఖ్యమైనవి’. మూడవదానిపై, ఎర్రసిరాతో, ‘ఇతరములు—ముఖ్యము’. దస్తావేజు మూడవదానిలో దొరికినది.

మామయ్య: అందుకు కారణమున్నది.

మేనకోడలు: ఉన్నదనియే నా భయము. కారణము మీ తలలో నున్నది. కరణములు చేసినది ఇదే కాదా? కవిలెకట్టలు గ్రామమునవి; ఏ కట్టలో ఏమున్నదో తెలిసినది కరణమునకు. ఆ అమరిక ప్రజల సౌకర్యమునకు గాక ఆయన పలుకుబడికి కాపుగా నుండెడిది. 1984లో ఆ వంశపారంపర్యపు ఉద్యోగములు రద్దయినపుడు కాగితములు చేతులు మారినవి. కాగితముల మధ్యనున్న దారి ఎందరు కరణముల తలలలోనో నిలిచిపోయినది. తెలియనివాని ప్రశ్నకు ముందుగా వ్రాసిన జవాబే అమరిక యంటిరే, మీరు వ్రాసిన జవాబును చదువగలవారు మీరుగాక మరెవరు?

ఈ సంవాదమున నాకు అన్నిటికంటె సూటిగా తోచిన వాక్యమిది. ఇల్లు సర్దుటలో ఆరితేరినవారిని నేను పలువురిని ఎరుగుదును. వారు ఊరికి పోయినచో ఇంటిలో కాఫీపొడి దొరకదు. తాను తప్ప మరొకరు కనుగొనలేని క్రమము అటక కుప్పకంటె ఏవిధమున మేలో నాకును తెలియదు. మామయ్యగారు ఆ మాటకు నొచ్చుకొన్నారు. నొచ్చుకొన్నవారు సాధారణముగా చేయునట్లు విషయమును మార్చినారు.

మామయ్య: నా తల పోయినను కట్ట యుండును. నీ తల పోయినచో నీ ఖాతా యుండునా? మొదట ఫొటోల కెంత చోటైనను ఉచితమనిరి. 2021 జూన్ 1 నుండి పదునైదు గిగాబైట్లు దాటినచో సొమ్మియ్యవలసినదేనని గూగులువారు చెప్పిరి. రెండేండ్లు తెరువని ఖాతాలను తొలగింతుమని 2023లో ప్రకటించిరి. రెండేండ్లు నిచ్చెన వేయలేదని ఏ అటకయైనను అలిగి తనలోనిదానిని పారవేసినదా? తిరుమల ఆలయములో తాళ్ళపాకవారి అర సంగతి నీవు చదివియే యుందువు. అన్నమాచార్యులు 1503లో పరమపదించిరి. ఆయన వంశమువారు సంకీర్తనలను వేలకొలది రాగిరేకులపై చెక్కించి ఆ చిన్న అరలో నుంచిరి. దేవస్థానము చేతులు మారినది, రాజ్యములు మారినవి, ఆ రేకులను చదువువారు లేరైరి. నాలుగువందల యేండ్ల పిమ్మట, 1922 ప్రాంతమున, అవి వెలికి వచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వంటివారు వాటిని చదువగలిగిరి. మధ్యకాలమున ఎవరును వాటికి నెలనెల రుసుము చెల్లింపలేదు, పాస్‌వర్డు అడుగలేదు.

మేనకోడలు: అవి రాగి గనుక నిలిచినవి. తాటాకుమీద నుండి, తిరిగి నకలు వ్రాయువారు లేక చెదలపాలైన గ్రంథముల పక్షమున సాక్ష్యము చెప్పుటకు ఎవరును రారు. మిగిలినది మాత్రమే మీ వాదమునకు వచ్చి నిలుచును. అదియును అట్లుండనిండు. ఆ రేకులపై ప్రతి పాటకును రాగము పేరున్నది. బాణీ యున్నదా?

మామయ్య: స్వరములు లేవు.

మేనకోడలు: అన్నమయ్య ఏ వరుసలో పాడెనో నేడు ఎవరికి తెలియును? మనము వినుచున్న బాణీలలో పెక్కు గడచిన శతాబ్దమున విద్వాంసులు కట్టినవి. అరలో భద్రముగా నుండినది సాహిత్యము. పాడువారి గొంతులలో ఉండవలసినది, గొంతులు మారకపోవుటచేత పోయినది. నేను చెప్పునదియు ఇంతే మామయ్యా. దాచుటవలన మిగులునది కొంత. తీయుచు, చూచుచు, ఒకరికొకరు పంపుకొనుచు నుండుటవలన మిగులునది కొంత. నా కుప్పలో అమ్మమ్మ పాట రికార్డింగు ఒకటి యున్నది. దానిని మన బంధువులలో పెక్కుమంది తమ తమ ఫోనులలో నుంచుకొన్నారు. నేను చీటీ అంటింపలేదు, ఆర్.డిస్. వేయలేదు. అది పోవుట దుర్లభము.

మామయ్య: అది అందరికి ప్రియమైనది గనుక. ప్రియము కానిదియు అవసరపడును. దస్తావేజును ఎవరు ముద్దుగా పంపుకొందురు?

మేనకోడలు: దస్తావేజునకు మూడు ప్రతులుంచుడు, వాటిలో రెండు వేర్వేరు సాధనములపైనను, ఒకటి ఈ ఊరిలో గాక మరొకచోటను ఉండనిండు. మా వృత్తిలో అది వాడుక నియమము. పేరు పెట్టునపుడు మొదట సంవత్సరము, పిమ్మట నెల, పిమ్మట తేదీ వ్రాయుడు. 1988నుండి అంతర్జాతీయ ప్రమాణమైన పద్ధతి యది. మనవలె తేదీని ముందు వ్రాసినచో, యంత్రము ఒకటవ తేదీలన్నిటిని ఒకచోట పోగుచేసి కూర్చుండును. ఆ ఫ్రిజ్జు రసీదును నేడే స్కాను చేయుడు. అది వేడికి నల్లబడు కాగితము, దాచినకొలదియు తెల్లబోవును. దానిపై అక్షరములు వారంటీకంటె ముందు పోవును.

ఇంతలో ఇత్తడి కొనువాడు తక్కెడతో రాలేదు గాని, ఎలక్ట్రానిక్ కాటాతో వచ్చినాడు. గుండిగ పోయినది, గంగాళము పోయినది. ధర విషయమున మేనకోడలు ఫోనులో నాటి రేటును చూపి వానిని నిలదీసినది. ఆ వేగమునకు మామయ్యగారు కూడ ముచ్చటపడుట నేను చూచితిని. వాడు పోయిన తరువాత అటకమీద మిగిలినది ఒక్క ట్రంకుపెట్టె. అందు అమ్మమ్మగారికి వచ్చిన ఉత్తరములు: ఇన్‌లాండులు, కార్డులు, బర్మానుండి వచ్చిన బిళ్ళ చిరిగిన కవరులు రెండు మూడు. ఇంతవరకును ఏడాది సూత్రమును వదలని ఆ యమ్మాయి పెట్టె ముందు చతికిలబడి, ఒక్కొక్కటే విప్పి చదువసాగినది.

మేనకోడలు: ఇవి నేను తీసికొనిపోయెదను.

మామయ్య: గడచిన ఏడాదిలో ఎన్నిమార్లు వాడితివి?

మేనకోడలు: ఎగతాళి చాలును. వీటిని ఫొటోలు తీసెదను. కాని ‘పెద్దబ్బాయి’ యెవరో, ‘కాకినాడ అక్కయ్య’ ఎవరో నాకు తెలియదు. యంత్రమునకు అసలే తెలియదు. మీరు ప్రక్కన కూర్చుండి చెప్పవలెను.

మామయ్య: చెప్పుటకు నాకు తీరిక యున్నది. వ్రాసికొనుటకు నీకున్నదా?

మేనకోడలు: శనివారములు. వీడియో కాల్‌లో.

మామయ్య: అట్లైన సరే. ఇటు తెమ్ము, కట్టి గుర్తు వేసెదను.

ఆయన ఉత్తరములను పాత పంచె తునకలో చుట్టి, పురికొసతో రెండు పేటలుగా బిగించి, అట్టముక్కపై సంవత్సరము, నెల, తేదీ ఆమె చెప్పిన వరుసలోనే వ్రాసి, క్రింద పెద్ద అక్షరములతో ‘డి.డిస్.’ అని వేసినారు.

మేనకోడలు: ఇదేమి? పదియేండ్లేనా? మీ ఫ్రిజ్జు రసీదులు సైతము శాశ్వతములే గదా, అమ్మమ్మ ఉత్తరములకు ఆర్.డిస్. వేయరా?

మామయ్య: నా కాగితములన్నిటికిని నేను శాశ్వతమని వేసినందుననే గదా, నీవు ఈ రెండుదినములు తుమ్ముచున్నావు. వీటిని పదియేండ్లకు తిరిగి విప్పవలెను. అప్పటికి పెద్దబ్బాయి ఎవరో తెలిసినదానవు నీవే. ఉంచవలెనో కూడదో నీవే వ్రాయుదువు.

మేనకోడలు: పదియేండ్లకు విప్పవలెనని నాకు గుర్తుండునా?

మామయ్య: అంత పెద్ద ఫోనుకు ఆ మాత్రము పని చెప్పరాదా?